రాత్రుళ్లు ఎవరు లేస్తారు?

 

మావారి ఉద్యోగరీత్యా మొరాకోలోని రబాత్‌లో ఉన్నప్పుడు, ఒక అనాథ పాపను పెంచుకుందామని కోర్టులో దరఖాస్తు పెట్టాం. అక్కడి 2002 నాటి 15-01 చట్టం ప్రకారం దీన్ని కఫాలా అంటారు. బిడ్డ వంశం మారదు. పోషణ బాధ్యత మనది.

ఎదురుచూస్తుండగా ఒక వాన రాత్రి మెట్ల కింద కళ్లు తెరవని పిల్లిపిల్ల దొరికింది. ఆవుపాలు పడవని పశువైద్యుడు పాలపొడి ఇచ్చాడు. రెండు గంటలకోసారి లేచి పట్టాం. పిల్లి ఉంటే పాపను ఇవ్వరేమోనని మావారికి భయం.

విచారణకు వచ్చినామె దాన్ని చూసి, "రాత్రుళ్లు ఎవరు లేస్తారు?" అంది.

"ఇద్దరం" అన్నాను.

పాప మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు పదో తరగతి.

అనాథను పోషించేవారు స్వర్గంలో తనకు దగ్గరగా ఉంటారని దైవప్రవక్త (స) రెండు వేళ్లు చూపి చెప్పారు. మీ చందాలతో మన పిల్లల ఫీజులు కడుతున్నాం. జ్వరం వచ్చిన రాత్రి పక్కన కూర్చునే మనిషి కూడా వాళ్లకు కావాలి. నెలకొక్కసారైనా వచ్చి పలకరించండి.