తాళం ఇచ్చింది మనమే



బరంపురంలో మన పదహారేళ్ల బిడ్డ స్కూటీ మీద ట్యూషన్‌కి వెళ్తుంటే మురిసిపోతాం. ఆ వయసుకు గేర్లు లేని, 50 సీసీ మించని బండికే లైసెన్సు. మన ఇళ్లలో ఉన్నవి 110, 125! 2019 సవరణ ప్రకారం మైనరు నడిపితే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు మనకే. బిడ్డకు 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

జరిమానా సంగతి అలా ఉంచండి. గోపాల్‌పూర్ రోడ్డులో, చీకట్లో, లైటు లేని సైకిలు మీద ఇల్లు చేరే కూలీ మన బిడ్డకు కనబడతాడా? అతని ఇంటికి ఏం జవాబు చెబుతాం?

పిల్లలూ, ముగ్గురం ఎక్కుదామంటే స్నేహితులతో కాదనడం కష్టమే. మాకు ఫోన్ చెయ్యండి. ఎంత రాత్రయినా వస్తాం, తిట్టం.