కంచే చేను మేస్తే
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కరోనా రోజుల్లో అందరం విన్న ‘సైటోకైన్ తుఫాను’ గురించి చెబుతాను.

వైరస్ ఊపిరితిత్తుల్లోకి చేరగానే రోగనిరోధక కణాలు సైటోకైన్లనే రసాయనాలతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. పని అయ్యాక ఆ పిలుపులు ఆగాలి. కొందరిలో ఆగవు. సన్నని రక్తనాళాలు కారి, గాలి ఉండాల్సిన తిత్తుల్లో నీరు చేరుతుంది. అప్పటికి వైరస్ తగ్గుముఖం పట్టి ఉండొచ్చు. చేను మేసేది కంచే. అందుకే చాలామందికి మొదటి వారం బాగానే గడిచి, రెండో వారంలో ఆయాసం వచ్చింది.

దీనికి పనికొచ్చిన మొదటి మందు చవకైనదే, డెక్సామెథసోన్. 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ వారి ‘రికవరీ’ పరీక్ష ఫలితాలు వచ్చాయి. రోజుకు 6 మిల్లీగ్రాములు, 10 రోజులకు మించకుండా ఇస్తే, వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు సుమారు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవారిలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివారికి మేలేమీ కనిపించలేదు. ఈ ఆఖరి మాటే మన కొండల దాకా రాలేదు.

2021 మే నెలలో ఒక పెద్దాయన్ని గూడెం నుంచి డోలీలో రోడ్డు దాకా మోసి, జీపులో మా దగ్గరికి తెచ్చారు. జ్వరం వచ్చిన రెండో రోజే ఎవరో స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ‘‘మూడు రోజులు కుర్రాడిలా తిరిగాడు బాబూ’’ అంది ఆయన భార్య. తిరుగుతాడు. స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పేస్తుంది. కంచె అవసరమైన రోజుల్లోనే దాన్ని పీకేసినట్టయింది. షుగర్ 400 దాటింది. ఆయన దక్కలేదు. మందే కారణమని ఖాయంగా చెప్పలేను, కాదనీ అనలేను.

మన ప్రాంతానికి ఇంకో రెండు చిక్కులున్నాయి. సికిల్ సెల్ ఉన్నవారికి స్టెరాయిడ్ నొప్పుల దాడి తెప్పించవచ్చు. చెప్పుల్లేని కాళ్లలోంచి దూరే స్ట్రాంగైలాయిడిస్ అనే పురుగు పేగుల్లో ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండి, స్టెరాయిడ్ పడగానే ఒళ్లంతా పాకవచ్చు. అందుకే డాక్టరు చూడకుండా ఆ మాత్ర వద్దు.

దగ్గు, జ్వరం ఉంటే వేలికి ఆక్సీమీటర్ పెట్టండి. 94 కంటే తగ్గితే ఆస్పత్రికి బయల్దేరాల్సిందే. అరకు ఎత్తు దానికి సాకు కాదు.

స్వర్ణోత్సవ నిధిలో ముఖద్వారం ఆర్చికి పోగా ఏమైనా మిగిలితే, హాస్టల్‌కి నాలుగు ఆక్సీమీటర్లు కొనండి. ఒకటి నేను తెచ్చి వార్డెన్ గారికిచ్చాను. బ్యాటరీలు మాత్రం మీరే చూసుకోవాలి.