ముందు గుర్తించండి, తరువాత మందు కొట్టండి
(చెరకు తోటలోని పురుగులను గురించి బోధన్ ప్రాంత రైతుల సమావేశములో చేసిన ప్రసంగము)



కొంతకాలము క్రిందట బోధన్ దగ్గరి పల్లె నుండి ఒక రైతు కొన్ని చెరకు ఆకులు చుట్టి పట్టుకొని మా దగ్గరకు వచ్చినారు. ఆకు అడుగున దూది పరచినట్లు తెల్లని పేను. దాని నడుమ సన్నని పట్టుగూటిలో పచ్చని చిన్న పురుగు. "సారూ, పేను చాలదన్నట్టు ఈ పచ్చ పురుగు గూడ పడ్డది. నిన్న సగం తోటకు మందు కొట్టిన, మిగిలిన సగం రేపు కొడత" అన్నారు.

ఆ పచ్చ పురుగు చెరకును తినేది కాదు, పేనును తినేది. దాని పేరు డైఫా. 2002లో ఈ ఉన్ని పేను మహారాష్ట్ర చెరకు తోటలలో విజృంభించినప్పుడు దానిని అదుపులోనికి తెచ్చిన జీవులలో ఇది ముఖ్యమైనది. ఆ రైతు డబ్బు పెట్టి తన తోట కావలివానినే చంపుకున్నారన్నమాట.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తరువాత ఇక్కడ చెరకు వేసేవారు తగ్గినారు. వేసినవారికి గడను దూరపు మిల్లుకు తోలే ఖర్చు మీద పడినది. ఇటువంటి రోజులలో అక్కరలేని మందుకు పెట్టే ప్రతి రూపాయి దండుగే. కనుక పురుగు కనబడగానే రెండు ప్రశ్నలు వేసుకోవలెను. దీనికి కాళ్ళు ఎన్ని? ఇది తింటున్నది ఏమి?

కాళ్ళు లేక, ఒళ్ళంతా ఉంగరాలు పేర్చినట్లుండేది వానపాము. దానిని పొడి కాగితము మీద ప్రాకనిచ్చి చెవి పెట్టి వినండి, గరగరమని సన్నని చప్పుడు వినవచ్చును. అది దాని ఒంటి మీది చిన్న ముళ్ళ చప్పుడు. వానపాముకు సముద్రములో జ్ఞాతులున్నవి. పట్టణాలలో కొందరు ఉప్పునీటి అద్దాల తొట్లలో సముద్రపు చేపలను పెంచుతారు. రాళ్ళతో పాటు వచ్చిన ముళ్ళ పురుగులు తొట్టిలో కనబడగానే వారు కూడ మనవలెనే భయపడుదురు. కాని వాటిలో చాలా భాగము చేపలు వదిలిన మేతను, కుళ్ళును తిని తొట్టిని శుభ్రపరచునవే. మన పొలములో వానపాము చేసే పని కూడ అదే. నేలలో చల్లే కొన్ని గుళికల మందులు దానిని కూడ చంపును.

కాళ్ళు లేకుండ, ముందు సన్నగా వెనుక లావుగా ఉండి, పేను మధ్య ప్రాకేది ఒక రకము ఈగ పిల్ల. అది కూడ పేనును తినే మిత్రుడే.

మూడు జతల కాళ్ళుండి, తెల్లగా లావుగా, కొడవలివలె వంగి, గోధుమరంగు తల కలది వేరు పురుగు. ఇది వేళ్ళను తినును. దుబ్బు పసుపుబారి ఎండును, పట్టి లాగితే సులభముగా ఊడి వచ్చును. దీనికి వేసవిలో లోతు దుక్కి చేయవలెను. తొలకరి వానలకు తల్లి పెంకు పురుగులు రాత్రిపూట వేప, రేగు, తుమ్మ చెట్లపై వాలును. కొమ్మలు దులిపి వాటిని ఏరి కిరోసిన్ కలిపిన నీటిలో వేయవలెను. పచ్చి పెంటను తోటకు వేయరాదు, బాగుగా మాగిన ఎరువే వేయవలెను.

ముందు మూడు జతల కాళ్ళతో పాటు పొట్ట క్రింద మెత్తని బుడిపెల వంటి కాళ్ళు కూడ ఉంటే అది రెక్కల పురుగు పిల్ల. తోటకు 3 నెలలు నిండకముందు మొవ్వు ఎండి, లాగగానే ఊడి వచ్చి, కుళ్ళు వాసన కొడితే అది పీక పురుగు పని. దాని వీపు మీద 5 ఊదారంగు చారలుండును. గడకు కణుపులు ఏర్పడిన తరువాత తొలిచే పురుగుకు 4 చారలే ఉండును. పీక పురుగుకు నాటిన వెంటనే చాళ్ళలో చెరకు చెత్త కప్పి, పైరు పెరిగిన తరువాత మొదళ్ళకు మట్టి ఎగదోయవలెను. రెండింటికీ ట్రైకోగ్రామా కార్డులు కట్టవచ్చును. వాటి నుండి వచ్చే పరాన్నజీవి పురుగు గుడ్డులోనే దానిని నాశనము చేయును.

చెరకు మాని మొక్కజొన్న వేసినవారు కత్తెర పురుగును కూడ గుర్తుంచుకోవలెను. అది 2018లో మన దేశములో ప్రవేశించినది. దాని తల మీద తలక్రిందులైన ఆంగ్ల వై అక్షరము, తోక దగ్గర చతురస్రముగా 4 నల్లచుక్కలు ఉండును.

డైఫా కూడ రెక్కల పురుగు పిల్లయే అని మరువకండి. దానికీ, పీక పురుగుకూ కాళ్ళ లెక్క ఒకటే. అందుచేతనే రెండవ ప్రశ్న అవసరము. పురుగు గడలో ఉన్నదా, పేను నడుమ ఉన్నదా అని చూచిన తరువాతనే తీర్పు చెప్పవలెను.

ఆ రైతు మిగిలిన సగము తోటకు మందు కొట్టలేదు. అక్కడి డైఫా పురుగులున్న ఆకు ముక్కలను కోసి, మందు కొట్టిన సగములో పేను ఉన్న ఆకులకు గుచ్చినారు. ఆ ఏడు ఆయన పేనుకు మరల మందు కొనలేదు.

ఎటూ తేలని పురుగు దొరికితే మందు దుకాణమునకు పోకముందే, అది ఉన్న ఆకునో గడనో సహా మూతకు రంధ్రాలు చేసిన డబ్బాలో పెట్టి, రుద్రూరు పరిశోధనా స్థానమునకు గాని, మీ వ్యవసాయ విస్తరణాధికారి వద్దకు గాని తీసుకొనిపోండి. ఒక్క రోజు ఆలస్యమగును గాని, తోటలోని మిత్రులు బ్రతుకుదురు.