ఫోను ఖర్చు ఎక్కడ రాస్తున్నాం?

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



అప్పు కోసం ఇంటి ఖర్చులు రాసుకునేటప్పుడు బియ్యం, గ్యాసు, కరెంటు, పిల్లల ఫీజులు అన్నీ చెప్తాం. ఫోను సంగతి అడిగితే మాత్రం "అదెంతలే అక్కా" అంటాం.

ఒకప్పుడు ల్యాండ్‌లైను ఉన్న ఇళ్లు ఊళ్లో రెండో మూడో. మిగతావాళ్లం ఎస్టీడీ బూత్‌కి పోయి, రాత్రి రేటు తగ్గేదాకా కూర్చుని, మీటరులో ఎర్ర అంకెలు చూస్తూ మాట్లాడేవాళ్లం. సెల్లు కొత్తల్లో మనకు వచ్చిన కాలుకి కూడా డబ్బు పోయేది. 2003లో అది ఉచితమైంది. పది రూపాయలు వేయించుకుని, మిస్డ్ కాల్స్ ఇచ్చుకుంటూ నెల గడిపేశాం. 2016లో జియో వచ్చాక నెట్టు చవకైంది, కాదనను. కానీ ఆ పది రూపాయల రోజులు పోయాయి. ల్యాండ్‌లైనుకి ఇంటికొక బిల్లు, వాడాక కట్టేది. ఇప్పుడు మనిషికొక ప్యాకు, మాట్లాడినా మాట్లాడకపోయినా ముందే కట్టాలి.

లెక్క చూడండి. ప్యాకు 199 రూపాయలు అనుకుందాం. గడువు 28 రోజులే, నెల కాదు. అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించాలి. 2,587 రూపాయలు. ఇంట్లో మూడు ఫోన్లుంటే 7,761. నెలకు వంద చొప్పున మనం చేసే పొదుపేమో ఏడాదికి 1,200!

చేతిలో డబ్బు లేకపోతే ముందు ఆగేది ఎవరి ఫోను? మనదే. ఎక్కువ రోజులు వదిలేస్తే నంబరే పోతుంది. నాకట్లాగే పోయింది. బ్యాంకులో ఉన్నది ఆ నంబరే, ఓటీపీ రాదు. కొత్త నంబరు ఎక్కించడానికి మూడు రోజులు తిరిగాను, మూడు రోజుల కూలి పోయింది.

ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాకు కనీసం ఒకటి పెట్టాలని ట్రాయ్ 2022లోనే చెప్పింది. మాటలకు, మెసేజీలకు మాత్రమే పనికొచ్చే ప్యాకు ఉండాలని 2024 డిసెంబరులో చెప్పింది. మా అత్తమ్మది బటన్ల ఫోను. దానికీ నెట్టు ప్యాకే వేయిస్తూ వచ్చాం, అడిగేదాకా షాపులో చెప్పలేదు. అయితే నెట్టు లేని ప్యాకులు ఎక్కువగా మూడు నెలలకో, ఏడాదికో ఉంటాయి. ఒక్కసారే అంత డబ్బు తీయాలి, కూలి ఇళ్లకు అదే కష్టం. దానికి సంఘం లోపలి అప్పు ఇవ్వొచ్చా అన్నది మనం తేల్చుకోవాలి.

వచ్చే సమావేశానికి ఇంట్లో ఎన్ని నంబర్లున్నాయో, ఏ ప్యాకో, ఎన్ని రోజులకో రాసుకుని రండి. అత్తమ్మల ఫోన్లు కూడా కలపండి.