ఇంటికి పంపే ముందు

ఆసుపత్రిలో డిశ్చార్జి రోజు హడావుడి మీకు తెలిసిందే. ఒకరు బిల్లు కౌంటర్ దగ్గర, ఇంకొకరు మందుల షాపులో. ఆ మధ్యలోనే నర్సమ్మ నాలుగు మాటలు గబగబా చెబుతుంది. చేతికొచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. రాత్రి కట్టు తడిసిందంటే ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తోచదు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలను పెట్టింది. మన భాషలో దారి చూపే మనిషి ఉండడం పెద్ద సాయం. అయినా పుండు శుభ్రం చేయడం, ఇన్సులిన్ వేయడం వార్డులో నర్సులే నేర్పాలి, అదీ ముందు నుంచే. చెప్పాక "అర్థమైందా?" అంటే అందరం తలూపుతాం. "ఈ మాత్ర ఎప్పుడు వేస్తారమ్మా, మీరే చెప్పండి" అంటే మనం ఎక్కడ తడబడుతున్నామో అక్కడే బయటపడుతుంది, అక్కడే సరిదిద్దవచ్చు.

మనమూ మొహమాటపడకుండా అడగాలి. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తీసుకురావాలి? పాత మందుల్లో ఆపేయాల్సినవేవి? రాత్రిపూట ఫోన్ చేయడానికి నంబరు కూడా రాయించుకోండి. చికిత్స రికార్డులు కోరితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. రోగి అధికారమిచ్చిన సహాయకులు కూడా వాటిని అడగవచ్చు.