థైరాయిడు రక్తపరీక్ష: అంకెల అంతరార్థము



గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తిచేసికొన్న ఈ శుభసమయమున, ఇంటింటికిని వచ్చుచున్న ఒక చిన్న కాగితమును గూర్చి ముచ్చటించుకొనుట అనుచితము కాదు. మొగల్తూరువారు నరసాపురమునకో భీమవరమునకో పోయి రక్తమిచ్చి ఆ కాగితముతో తిరిగివత్తురు. అందొక అంకె లావుగా అచ్చుపడినచో ఇంటిల్లిపాదికిని నిద్రపట్టదు. అంకె పెరిగినదని మందును తామే హెచ్చించువారును, సరిపడినదని మానివేయువారును కలరు. రెండును కీడే.

గళగండ వ్యాధిని సుశ్రుతసంహిత వర్ణించినది. కాని దానికి మూలమైన గ్రంథి చేయు పని ఆధునికులవలననే తేటపడినది. కంఠమున ముందుభాగమున సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండు ఈ గ్రంథి, ఆహారములోని అయోడినును గ్రహించి టి-4, టి-3 అను రెండు రసములను తయారుచేయును. నాలుగు అయోడిను పరమాణువులు గలది టి-4. మూడు గలది టి-3. టి-4ను 1914లో కెండాల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వేఱుపఱచెను. దేహపు వేడియు, గుండె వేగమును, శిశువుల బుద్ధివికాసమును వీనిపై ఆధారపడియున్నవి.

మెదడు క్రింద నున్న పిట్యూటరీ గ్రంథి కచేరి వంటిది. థైరాయిడు గ్రామము వంటిది. టి.ఎస్.హెచ్. అనునది కచేరి పంపు తాకీదు. టి-4 గ్రామము చెల్లించు శిస్తు. శిస్తు సరిగా చెల్లునంతకాలము తాకీదులు మితముగా నుండును. చెల్లింపు తగ్గినకొలది తాకీదులు పెరుగును. కావున టి.ఎస్.హెచ్. హెచ్చినదనగా గ్రంథి అధికముగా పనిచేయుచున్నదని కాదు, వెనుకబడినదని యర్థము. ఈ తలక్రిందుల లెక్క తెలియకనే పలువురు పొరబడుదురు.

పెద్దలలో టి.ఎస్.హెచ్. లీటరునకు సుమారు 0.4 మొదలు 4 మిల్లీ యూనిట్లవరకు నుండును. పరీక్షశాలనుబట్టి ఈ హద్దులు కొంత మాఱును. గర్భిణులకు వేఱు హద్దులు కలవు. టి.ఎస్.హెచ్. హెచ్చి టి-4 తగ్గినచో గ్రంథి మందగించినది. టి.ఎస్.హెచ్. కొంచెము హెచ్చియు టి-4 సరిగానున్నచో అది ఆరంభదశ. వెంటనే మందు అందఱికిని అవసరము కాకపోవచ్చును. టి.ఎస్.హెచ్. తగ్గి టి-4 గాని టి-3 గాని హెచ్చినచో గ్రంథి మితిమీరినది. తాకీదును శిస్తును రెండును తగ్గినచో లోపము కచేరియందే యుండవచ్చును. కావున ఒక్క అంకెతో తీర్పు చెప్పరాదు.

మందు మ్రింగుచుండగా టి.ఎస్.హెచ్. సరిపడుట రోగము పోయినందున కాదు, లోటు పూడుచున్నందున. పూడ్చుట మానినచో తాకీదులు మరల వచ్చును. రక్తములోని టి-4 సగమగుటకు వారముదినములు పట్టును గనుక, మోతాదు మార్చిన ఆఱు మొదలు ఎనిమిది వారములకు గాని మఱల పరీక్షించుట తగదు. బయోటిన్ అను విటమిను బిళ్లలు వాడువారు ఆ సంగతి వైద్యునకు ముందే చెప్పవలెను. అది కొన్ని పరీక్షల అంకెలను తాఱుమాఱు చేయును.

శ్రీకాకుళమున 1921లో జన్మించిన వులిమిరి రామలింగస్వామిగారు 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో గళగండముపై పరిశోధన కావించిరి. లోయను మూడు మండలములు చేసి, రెండింట అయోడిను కలిపిన ఉప్పును, ఒకదానియందు మామూలు ఉప్పును పంచిరి. అయోడిను చేరినచోట వ్యాధి తగ్గినది. 1962లో దేశమంతటికిని గళగండ నివారణ పథకము వచ్చినది. అయినను అయోడిను కొఱత యొక్కటే కారణము కాదు. దేహరక్షణశక్తియే గ్రంథిపై దాడిచేయు వ్యాధిని 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించెను. దీనికి అధికముగా ఉప్పు తినుట మందు కాదు.

పుట్టిన శిశువునకు మొదటి దినములలోనే ఈ పరీక్ష చేయించి, లోపమున్నచో వెంటనే మందిచ్చినచో బుద్ధిమాంద్యము తప్పును. ఆలస్యమైనచో పోయినది తిరిగిరాదు. కాగితములను తేదీల వరుసన భద్రపఱచి, నిన్నటి అంకెతో నేటి అంకెను పోల్చి వైద్యునకు చూపుడు. లెక్క తెలిసినవానికి భయము తగ్గును; బాధ్యత పెరుగును. గ్రంథాలయము కోరునదియు ఇదియే. స్వస్తి.