ఒక చెవి మందగిస్తే స్కానింగు ఎందుకు?
(ప్రసంగ పాఠం)



వెనుక వరుసలోనివారు దయచేసి ముందుకు రండి, ఈ విషయం మీకోసమే. నేను డాక్టరును కాను, గుమస్తాగా రిటైరయినవాడిని. మా బావమరిది వెంట ఆసుపత్రుల చుట్టూ తిరిగి తెలుసుకొన్నది చెబుతాను.

మన వయసులో రెండు చెవులూ ఒకే తీరున మెల్లగా మందగించడం మామూలే. లోపలి చెవిలో నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంటుంది. అందులోని వెంట్రుకల వంటి సన్నని కణాలు దెబ్బతింటాయి. అవి ఏ స్కానింగులోనూ కనిపించవు. దీనికి ఆడియోగ్రాం చాలు, పెన్షను డబ్బు స్కానింగుకు పోయనక్కరలేదు.

ఒక్క చెవే మందగిస్తే సంగతి వేరు. మా బావమరిదికి కుడిచెవిన ఫోను పెడితే మాట తెలిసేది కాదు, ఎడమచెవిన బాగా వినబడేది. వయసు వచ్చింది కదా అని ఇంట్లో అందరూ సరిపెట్టుకొన్నారు. ఆడియోగ్రాంలో రెండు చెవులకూ చాలా తేడా వచ్చేసరికి డాక్టరుగారు ఎమ్మారై వ్రాశారు. వినికిడి నరాన్ని ఆనుకొనే శరీరం తూలకుండా చూసే నరం మెదడుకు పోతుంది. దానిమీద గడ్డ పెరిగితే చాలామందిలో ముందుగా తగ్గేది వినికిడే. వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు. క్యాన్సరు కాదు, సాధారణంగా మెల్లగా పెరుగుతుంది. గాడోలినియం మందు సూది ద్వారా ఇచ్చి తీస్తే కొద్ది మిల్లీమీటర్ల గడ్డయినా తెల్లగా కనిపిస్తుంది. మావాడికి కనిపించింది. చిన్నది గనుక కత్తి పెట్టలేదు, మళ్ళీ మళ్ళీ ఎమ్మారై తీసి పెరుగుదల చూస్తున్నారు.

సి.టి. స్కాను ఎముకను చూడడానికి. పుట్టుచెవుడు పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు అమర్చేముందు నత్తగుల్ల సరిగా ఏర్పడినదా అని సి.టి.లోనూ, నరం ఉన్నదా అని ఎమ్మారైలోనూ చూస్తారు. చుట్లు పూర్తికాని నత్తగుల్లను ఇటలీలో మొండిని అనే ఆయన 1791లో వర్ణించారు, అదీ చనిపోయిన పిల్లవాడి చెవి కోసి చూసి! ఇప్పుడు బ్రతికున్న బిడ్డకే కొద్ది నిమిషాలలో తెలుస్తున్నది.

రాత్రి బాగుండి, తెల్లవారేసరికి ఒక చెవి మూసుకుపోతే మాత్రం గుబిలి అనుకొని నూనె పోసుకొని కూర్చోకండి. వెంటనే డాక్టరు వద్దకు వెళ్ళండి. స్టిరాయిడ్ మందు అవసరమైతే మొదటి రెండు వారాలలోనే గుణం ఎక్కువ. ఎమ్మారై కోసం మందు ఆపరు.

ఎమ్మారైకి ముందు పేస్‌మేకరు, ఒంట్లో లోహపు ముక్కలు, కిడ్నీ జబ్బు ఉంటే చెప్పాలి. వినికిడి మిషను బయటే తీసివేయాలి. లోపల పెద్ద మోత, పైగా టెక్నీషియను మాట మనకు వినబడదు. కనుక చేతికి ఇచ్చే బెల్లు ఎప్పుడు నొక్కాలో ముందే అడిగి తెలుసుకొని వెళ్ళండి.